ఎదురొచ్చే పడుగు

జములమ్మ పేరు విని నవ్వినవాణ్ణి నేనింకా క్షమించలేదు. యూనివర్సిటీలో మొదటి రోజు హాజరు పిలుస్తుంటే వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. గద్వాలలో అది అమ్మవారి పేరు, వాడకట్టుకు నలుగురికైనా ఉంటుంది. నేను వెనక్కి తిరిగి "నీ పేరేంది?" అని అడిగాను. చెప్పాడు. "ఇందులో నవ్వొచ్చేది ఏం కనిపిస్తలేదు, అయినా నీ సంతోషం కోసం నవ్వాల్నా?" అన్నాను. క్లాసంతా నవ్వింది, వాడు తప్ప. క్లాసయ్యాక జములమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటి నుంచి లేవలేదు.

నా పేరు సనా. మాది వనపర్తి. నాకు కోపం ముక్కు మీదుంటుందని మా అమ్మ కుల్సుమ్‌బీ అంటుంది. నేను కాదనను. జములమ్మ నాకు పూర్తిగా ఎదురు. ఎవరేమన్నా విని, తల వంచి, తన పని తాను చేసుకుపోయే రకం. దానికి రావాల్సిన కోపం కూడా నేనే పడేదాన్ని.

ఇద్దరం భానుప్రకాశ్ సార్ దగ్గరే పరిశోధనలో చేరాం. సార్‌ది పెద్దమందడి, రైతు కుటుంబం. ఆ సంగతి మాకు తెలిసింది కూడా ఆఫీసు గుమాస్తా చెప్తేనే. ఆయన మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్టుండేది. పాలమూరు మాట ఒక్కటి కూడా ఆయన నోటి నుంచి ఎవరూ వినలేదు. గొప్ప పండితుడు, పెద్ద మొండివాడు. ధ్రువీకృత ప్రోటాన్లు కేంద్రకాలకు తగిలి ఎటు చెదురుతాయో లెక్కగట్టే సిద్ధాంతం ఒకటి ఆయన వయసులో ఉన్నప్పుడు రాశారు. ఆ సిద్ధాంతం గీసే వంకర గీత ఒకటుంది. దాన్ని ఆయన ముందు ఎవరైనా వేలెత్తి చూపితే సొంత కొడుకును తిట్టినంత బాధపడేవారు.

ఇదేం చదువని మా అమ్మ అడిగినప్పుడు నేను చెప్పింది ఇక్కడ కూడా చెప్తాను. ప్రోటాన్‌ను బొంగరం అనుకోండి. మామూలుగా యంత్రంలోంచి దూసుకొచ్చే బొంగరాలు ఒక్కోటి ఒక్కో దిక్కుకు వాలి ఉంటాయి. అన్నిటినీ ఒకే తీరుగా తల పైకి నిలబెట్టి పంపిస్తే అవి ధ్రువీకృత ప్రోటాన్లు. వాటిని పల్చటి రేకు మీద కొడితే రేకులోని కేంద్రకాలకు తగిలి కొన్ని ఎడమకు పోతాయి, కొన్ని కుడికి పోతాయి. అన్నీ ఒకే తీరుగా తిరుగుతున్నాయి కాబట్టి రెండు పక్కలా సమానంగా పోవు. ఎడమకు ఎక్కువ పోతే ప్లస్, కుడికి ఎక్కువ పోతే మైనస్. ఏ కోణంలో ఏ పక్కకు ఎంత ఎక్కువో కొలిస్తే కేంద్రకం లోపలి బలాల గుట్టు కొంత తెలుస్తుంది. అంతా విని అమ్మ "గింతదానికి జపాన్ దాక పోవాల్నా?" అంది.

పోవాల్సే వచ్చింది. అలాంటి ప్రోటాన్లు మాకు దొరికింది అక్కడే. ఒక ల్యాబ్ వాళ్లు దయదలచి కొన్నాళ్లు మాకు యంత్రాన్ని ఇచ్చారు. లెక్కించే పరికరాలను రేకుకు రెండు వైపులా నిలబెట్టి, వైర్లు కలిపి, పేర్లు రాసిన బిళ్లలు కట్టే పని జములమ్మది. బయట గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే పని నాది. ప్రోటాన్ల ధార, అదే బీమ్, వచ్చింది, అంకెలు పరుగెత్తాయి, మేమిద్దరం భాష రాని ఊళ్లో నూడుల్స్ తిని సంతోషంగా తిరిగొచ్చాం. ఇదంతా 2005లో. సంవత్సరం తిరిగేసరికి మా సంతోషం కాస్తా పోయింది.

జములమ్మ ఫలితాలు గీసి చూస్తే తలకిందులుగా ఉన్నాయి. చిన్న కోణాల దగ్గర ప్రపంచమంతా ప్లస్ చూసిన చోట ఈమెకు మైనస్. వాళ్ల మైనస్ దగ్గర ఈమెకు ప్లస్. అంతకుముందు ఎవరూ కొలవని పెద్ద కోణాల దగ్గర మాత్రం చివరి చుక్కలు సార్ గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. మొదలు తప్పు, చివర ఒప్పు. నెలల తరబడి లెక్కలన్నీ తిరగేసింది. ఎక్కడా తప్పు దొరకలేదు.

2006 ఎండాకాలంలో సార్ తీర్పు చెప్పేశారు. "పరికరాలు సరిగా పనిచేయలేదమ్మా. సోమవారం మన పత్రం ప్రచురణకు వెళ్తుంది. నీ కొలతలు అందులో ఉండవు. ఈలోగా కారణం చూపగలిగితే సరే, లేకపోతే నీ థీసిస్‌కు మరో విషయం వెతుకుదాం." మరో విషయమంటే మళ్లీ మొదటి నుంచి. గద్వాలలో కాంట్రాక్టు లెక్చరర్‌గా పాఠాలు చెప్పుకుంటూ, సెలవులన్నీ ధారపోసి చేసిన పని మొత్తం చెత్తబుట్టలోకి. ఆ శనివారమే వనపర్తి డిగ్రీ కాలేజీలో సెమినార్, అందులో జములమ్మ మాట్లాడాలి, సార్ ముఖ్య అతిథి. ఏం మాట్లాడుతుంది? నాకైతే సార్ బల్ల మీది పేపర్‌వెయిట్ తీసి కిటికీలోంచి విసరాలనిపించింది. జములమ్మ "సరే సార్" అని తలుపు మెల్లగా వేసి వచ్చింది.

శుక్రవారం నేను గద్వాల వెళ్లాను. ఒంటరిగా వదిలితే సెమినార్‌కు రాదేమోనని భయం. వాళ్ల ఇంట్లో మగ్గం ముందుగదిలోనే ఉంటుంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ అతుక్కునే చోట పోగుకు పోగు మెలేయాలి కాబట్టి మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. ఆ రోజు వాళ్లమ్మ మల్లమ్మ, పక్కన జములమ్మ. ముఖాలు చూస్తే తల్లికి కూతురి సంగతి తెలిసిపోయిందని అర్థమైంది. నేను మగ్గం అవతలి వైపు, పడుగు చుట్టిన దూలం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. అక్కడ నుంచి చూస్తే పొడుగాటి పడుగు దారాలన్నీ నా దగ్గర బయల్దేరి వాళ్లిద్దరి ఒళ్లోకి పోతున్నట్టుంటుంది.

"సనా బిడ్డా, ఎడమ అంచుకు పోగు తెగినట్టుంది. జర చూడు," అంది మల్లమ్మ.

నేను నా ఎడమ చేతి వైపు అంచును వేళ్లతో తడిమాను. "ఏం తెగలేదమ్మా, మంచిగనే ఉంది."

"ఎడమ అంటే అటు పోతవేంది? ఇటు, ఇటు!"

"గిది ఎడమ కాదా మరి?" నాకు చిర్రెత్తింది. "నా చెయ్యి నాకు తెల్వదా?"

"నీ చెయ్యితోని నాకేం పని? నేసేటోళ్లం మేము. దారం ఎవలి దిక్కు వస్తుందో వాళ్ల ఎడమనే ఎడమ," అంది మల్లమ్మ, ఇంకేం మాట్లాడొద్దన్నట్టు.

నేనూ ఊరుకునే దాన్ని కాదు. దారం బయల్దేరే చోట కూర్చున్నది నేను, దానితోపాటు చూస్తున్నదీ నేను, కాబట్టి నాదే ఎడమ అని వాదన మొదలుపెట్టాను. జములమ్మ చేతిలో అడ్డపోగు వేసే నాడె ఆగిపోయింది. నా వైపు చూసింది, తల్లి వైపు చూసింది, మళ్లీ పడుగు వైపు చూసింది.

"సనా," అంది. "నేను ఆ గదిల ఎట్ల నిలబడ్డ?"

"ఏ గది?"

"జపాన్ల. వైర్లకు బిళ్లలు కట్టినప్పుడు." నాడె పక్కన పెట్టింది. "వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ. బీమ్ నా మొకం మీదికి వస్తదనుకుంట నిలబడ్డ. నా ఎడమ చేతి దిక్కున్న దానికి ఎడమ అని కట్టిన."

మా శాస్త్రంలో అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది. బీమ్ ఎటు పోతుందో అటే ముఖం పెట్టి, దాని వెంట నడుస్తున్నట్టు నిలబడి కుడి ఎడమలు చెప్పాలి. ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, అందరూ అలాగే నిలబడతారు. పుట్టినప్పటి నుంచి పడుగుకు ఎదురు కూర్చున్న పిల్ల తప్ప.

మల్లమ్మకు ఇదేమీ పట్టలేదు. "ముచ్చట్లు తర్వాత, పోగు కలుపుర్రి," అంది. జములమ్మ లేచి తల్లిని వాటేసుకుంది. "అగో, దారాలు చిక్కువడ్తయే!" అని ఆమె మొత్తుకుంది.

ఆ సంతోషం వనపర్తికి వచ్చే దారిలో పెబ్బేరు దాకా నిలిచింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న జములమ్మ ఉన్నట్టుండి అంది. "సార్ నమ్మడు."

నిజమే. ఫలితం తలకిందులైతే, కుడి ఎడమలు తారుమారయ్యాయని చెప్పి తిప్పేసుకోవడం ఎంత తేలిక! ఎవరైనా అదే అంటారు. సార్ అయితే ఇంకాస్త ఘాటుగా అంటారు. బిళ్లలు ఎప్పుడో తీసేశారు, పరికరాలు విప్పేశారు. ఆ రోజు ఎటు నిలబడిందో జములమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. "నేను చెప్త, నేను సాక్ష్యం," అన్నాను. "నువ్వు బయట గదిల ఉన్నవు," అంది. అబద్ధమాడదు, నన్ను ఆడనివ్వదు. ఇదే దీనితో గొడవ.

శనివారం పొద్దున మా ఇంట్లో ఇద్దరం చాయ్ ముందు పెట్టుకుని మొహాలు వేలాడేసుకుని కూర్చున్నాం. కరెంటు లేదు. మా ఇంటికి ఆనుకునే కృష్ణయ్య పిండి గిర్ని. కరెంటొస్తే చాలు, జొన్నలో కారమో పట్టడం మొదలుపెడతాడు, ఇక మా గోడలు అదురుతాయి. కరెంటొచ్చింది. గిర్ని మొదలైంది. మా అమ్మ విసుక్కుంటూ వచ్చి ఆ పక్క కిటికీ రెక్కలు ధడేల్మని మూసింది.

"ఈ పక్క పండుకుంటే చెవులు పోతున్నయ్ బేటా. ఆ పక్క గదిల నీకు ఏం వినరాదు. జములమ్మా, నువ్వు ఆ పక్కకు పో," అంది.

చాయ్ గ్లాసు నా చేతిలో ఉండిపోయింది. కళ్లు మూసుకుని పడుకున్నా మా ఇంట్లో గిర్ని ఏ పక్కనుందో నా చెవే చెప్తుంది. చెవికి పేర్లతో, బిళ్లలతో పని లేదు.

"జములూ, జపాన్ల మన పక్కింటి గిర్ని యాదున్నదా?"

అది వెర్రిదాన్ని చూసినట్టు నన్ను చూసింది. నేను గుర్తుచేశాను. మేం రేకు మార్చడానికి బీమ్ ఆపినప్పుడల్లా ల్యాబ్ వాళ్లు దాన్ని పక్కగదికి మళ్లించేవారు. అక్కడ వేరేవాళ్ల ప్రయోగం నడిచేది. ఆ గది బీమ్ వెంట నిలబడి చూస్తే మాకు ఎడమ వైపు గోడ అవతల. ల్యాబ్ పటం ఏది చూసినా అదే ఉంటుంది, అందులో మా ఇష్టం ఏమీ లేదు. అక్కడి యంత్రం రొద మా గదిలోకి కూడా కాస్త వచ్చేది, చెవికి వినిపించే రొద కాదు, గోడ దాటొచ్చే కణాల రొద. మా పరికరాలు ఆ సమయంలో కూడా లెక్కిస్తూనే ఉన్నాయి. గోడకు దగ్గరున్నది ఎక్కువ లెక్కించాలి, దూరంగా ఉన్నది తక్కువ లెక్కించాలి. ఆ అంకెలు పనికిరానివని ఎవరూ చూడనే లేదు.

జములమ్మ చాయ్ అక్కడే వదిలేసి చెప్పులేసుకుంది. మా అన్న తౌఫీక్ బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపిస్తాడు. మేం పోయేసరికి అన్ని కంప్యూటర్లూ నిండి ఉన్నాయి. హాల్ టికెట్ల కోసం వచ్చిన వాళ్లను బతిమాలి ఒకటి ఖాళీ చేయించాడు. నేనైతే బతిమాలేదాన్ని కాదు. సెమినార్ కోసం వెంట తెచ్చుకున్న ప్రయోగం సీడీలు పెట్టాం. బీమ్ లేనప్పటి అంకెలు ఒక్కో కోణానికి బయటికొచ్చాయి. ప్రతిచోటా అదే మాట. 'కుడి' అని పేరు పెట్టింది ఎక్కువ లెక్కించింది. అంటే అది ఎడమ గోడ పక్కన ఉంది. అంటే అది ఎడమే.

నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. నెట్ సెంటర్‌లో జనం అంతా తిరిగి చూశారు. జములమ్మ అన్ని చుక్కల గుర్తులూ తిప్పి కొత్త గీత గీసింది. చిన్న కోణాల దగ్గర ప్రపంచమంతా చూసిందే ఇప్పుడు మాకూ వచ్చింది, గోరంత తేడా లేకుండా. తర్వాత చివరి చుక్కలు చూశాను. ఇంతకాలం సార్ గీత మీద బుద్ధిగా కూర్చున్నవి ఇప్పుడు దాన్ని వదిలేసి అటు దూరంగా పోయి నిలబడ్డాయి.

"అయ్యో, ఇవి చెడిపోయినయ్ గదనే! వీటిని తిప్పకు. ఉన్నట్టే ఉంచు."

"గట్లెట్ల ఉంచుత? గోడ ఒక్క దిక్కే ఉన్నది. తిప్పితే అన్నీ తిప్పాలె." జములమ్మ నవ్వింది. ఎన్ని నెలలకు నవ్విందో! "చెడిపోలేదు సనా. ఇగ వీటినే ఇప్పటి దాక ఎవలూ చూడలే."

"సార్ గీత తప్పని సార్ ముందటనే చెప్తవా?"

"నేనేడ చెప్త? చుక్కలు చెప్తయ్," అంది.

సెమినార్ హాలు నిండిపోయింది. నాగర్‌కర్నూల్, గద్వాల కాలేజీల లెక్చరర్లు, పిల్లలు, తలుపుల దగ్గర నిలబడ్డవాళ్లు. ముందు వరసలో భానుప్రకాశ్ సార్, తెల్ల చొక్కా. జములమ్మ ఇంగ్లీషులో మొదలుపెట్టి, పాత ఫలితం చూపించి, బిళ్లలు తారుమారుగా కట్టానని చెప్పింది. సార్ కుర్చీలోంచే అందుకున్నారు.

"కుడి ఏదో ఎడమ ఏదో తెలియకుండా ప్రయోగం చేశావా?"

హాలంతా నవ్వు. నేను సగం లేచాను. వేదిక మీద నుంచి జములమ్మ నా వైపు చూసింది. కూర్చున్నాను. అది ఇంగ్లీషు వదిలేసి మా భాషలోకి దిగింది.

"తెల్సు సార్. మా ఇంట్ల మగ్గం ఉంటది. పడుగు ఎదురుంగ వస్తది, మేము ఎదురుంగ కూసుంటం. బీమ్‌కు గూడ గట్లనే ఎదురు నిలబడ్డ. దాని వెంట నిలబడాల్సి ఉండె. తప్పు నాదే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సార్ మాత్రం తగ్గలేదు. "ఫలితం నచ్చకపోతే అద్దంలో చూసుకోవడం భౌతికశాస్త్రం అనిపించుకోదు. నువ్వు ఎటు నిలబడ్డావో నీ మాట తప్ప రుజువేది?"

"నా మాట వద్దు సార్," అని ఆమె పక్కగది లెక్కలున్న ప్లాస్టిక్ కాగితం ప్రొజెక్టర్ మీద పెట్టింది. గోడ ఎటుందో చూపించింది. ఏ పరికరం ఎక్కువ లెక్కించిందో చూపించింది. వెనక బెంచీల నుంచి గుసగుసలు లేచాయి.

సార్ లేచి నిలబడ్డారు. "ఆ పరికరానికే ఎక్కువ లెక్కించే జబ్బు ఉందేమో? అప్పుడేమంటావు?"

జములమ్మ ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు ఇంకో కాగితం పెట్టింది. "ఒకనాడు పక్కగదిల గూడ బీమ్ ఆగిపోయింది సార్. అప్పటి లెక్కలివి. రెండూ సమానం."

గిర్ని ఆగితే రెండు గదులూ ఒకటే. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. సార్ వేదిక ఎక్కి, ఆ కాగితం తీసుకుని, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. అద్దాలు తీసి చొక్కాకు తుడిచి మళ్లీ చూశారు.

"మరి ఈ చివరి చుక్కలు?" గొంతు తగ్గింది. "వీటిని తిప్పకపోతే నా గీతతో సరిపోయేవి కదా. ఎవరూ అడిగేవారు కాదు."

"నిజమే సార్. గని గోడ వాటికి గూడ అదే దిక్కున్నది."

సార్ తెర మీద గీత వైపు చూశారు. అది ఆయన వయసులో ఉన్నప్పుడు గీసింది, ఇన్నేళ్లు ఎవరినీ వేలెత్తనివ్వనిది. నాకు ఆయన మీద మొదటిసారి జాలేసింది, అదే క్షణంలో ఏదైనా అడ్డదిడ్డంగా అంటే లేచి కడిగేయడానికి కూడా సిద్ధంగానే ఉన్నాను. ఆయన కాగితం జములమ్మ చేతిలో పెట్టారు.

"గట్లయితే నా గీతనే తప్పు, బిడ్డా," అన్నారు.

మా చెవులను మేమే నమ్మలేదు. పెద్దమందడి మాట. ముప్పై ఏళ్లుగా ఎక్కడ దాచుకున్నాడో ఆ మనిషి! "సోమవారం గాదు, పేపర్ ఎప్పుడు తయారైతే అప్పుడే పంపుదం. నీ చుక్కలన్నీ వెట్టు. ఒక్కటి గూడ ఇడ్వకు. పేరు ముందల నీదే ఉండాలె." అని ఆగి, జనం వైపు తిరిగి, "నా గీత తప్పుతదని తెల్సి గూడ చివరి చుక్కలు తిప్పకుండ ఇడ్వలే సూడుండ్రి," అన్నారు. ఆ మాటలో గర్వం ఎవరికైనా వినిపిస్తుంది.

నేను ఈల వేశాను. అవును, సెమినార్ హాల్లో, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని. ప్రిన్సిపాల్ గుర్రుగా చూశాడు. చూస్తే చూడనీ అనుకున్నాను. తలుపుల దగ్గరి పిల్లలు కూడా అందుకున్నారు. జములమ్మ వేదిక మీద మైకు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. నా కళ్ల నిండా నీళ్లు. పక్కనున్న లెక్చరరమ్మ "ఏంది, మీ అక్కనా?" అని అడిగితే "అవ్" అన్నాను.

పత్రం మరుసటి ఏడు అచ్చయింది. జములమ్మ పేరు ముందుంది, పూర్తిగా, ఒక్క అక్షరం కుదించకుండా. వెనక బెంచీవాడికి ఒక కాపీ పోస్టులో పంపించాను. సార్ పట్టుబట్టి అందులో ఒక చిన్న బొమ్మ వేయించారు. బీమ్‌కు ఒక బాణం గుర్తు, దాని మొదట్లో బీమ్ పోయే వైపే ముఖం పెట్టి నిలబడ్డ మనిషి, అతని ఎడమ చేతి దగ్గర 'ఎడమ' అని.

ఆ పత్రిక తీసుకుని గద్వాల పోయాం. జములమ్మ మగ్గం పక్కన కూర్చుని తల్లికి తన పేరు చూపించింది. మల్లమ్మ అక్షరాల మీద వేలు పెట్టి నిమిరింది, చెంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత పేజీ తిప్పి ఆ బొమ్మ చూసింది. బాణం ఎటు పోతోందో చూసింది, మనిషి ఎటు నిలబడ్డాడో చూసింది.

"గీడెవడే, దారం వచ్చే దిక్కు వీపు వెట్టి నిలబడ్డడు?" అంది. "గీడేం నేస్తడు?"

జములమ్మ, నేను ఒకరి మీద ఒకరం పడి నవ్వాం. మల్లమ్మ ఆ పత్రికను పట్టు దారాల పక్కన భద్రంగా పెట్టి, కూతురికి నాడె అందించింది.